గట్టు మీది లెక్క, బ్యాంకు కౌంటరు

రొయ్యల చెరువులు, బంగారం రుణాలు, పొదుపు పుస్తకాల మధ్య పెరిగిన నెల్లూరు తీరం పిల్లలు బ్యాంకుల్లో ఇంటర్న్‌షిప్‌లకు, అప్రెంటిస్‌షిప్‌లకు పోటీ పడుతున్నారు. తయారీ ఎక్కడ మొదలుపెట్టాలి?

అక్టోబరు నడిమికి వచ్చేసరికి నెల్లూరు తీరంలో అందరి చెవులూ వాతావరణ కేంద్రం కబుర్ల మీదే ఉంటాయి. బంగాళాఖాతంలో అల్పపీడనమంటే చాలు, కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారని వాకబు మొదలవుతుంది. ఏరేటర్లకు డీజిల్ తెచ్చిపెట్టుకోవాలా, పట్టుబడి నాలుగు రోజులు ముందుకు జరపాలా అని ఇందుకూరుపేట నుంచి అల్లూరు దాకా గట్ల మీద ఇదే చర్చ. సరిగ్గా ఇదే కాలంలో, అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా, రిజర్వు బ్యాంకు తన వేసవి ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తులు తీసుకుంటుంది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటేముందు నెల్లూరు తీరాన్ని వానతో ముంచెత్తింది. అప్పటికి గడువు ఇంకో పది రోజులు. నీళ్లు నిలిచిన ఊళ్లో ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండాలంటే అసలు ముందు తెలిసుండాలి కదా!

తెలిసినవాళ్లు తక్కువ. దేశం మొత్తానికి 125 మందికి మించి తీసుకోరు. పీజీ చదివేవాళ్లు, ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులవాళ్లు, న్యాయశాస్త్రం చదివేవాళ్లు అర్హులు. అదీ చివరి ఏడాదికి ముందు ఏడాదిలో ఉండాలి. అంటే రెండేళ్ల ఎంబీఏ విద్యార్థి మొదటి సెమిస్టర్‌లోనే మేలుకోవాలి. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో చేరి, హాస్టల్ గది కుదురుకునేలోపే గడువు సగం అయిపోతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో ఇంటర్వ్యూ. ఎంపికైతే ఏప్రిల్ నుంచి జులై మధ్య మూడు నెలల దాకా ప్రాజెక్టు, నెలకు 20,000 రూపాయల స్టైపెండ్. కడప జిల్లా నుంచి వెళ్లిన వై.వి.రెడ్డి, ఆయన తర్వాత దువ్వూరి సుబ్బారావు 2003 నుంచి 2013 దాకా వరసగా గవర్నర్లుగా కూర్చున్న సంస్థ అది. మన జిల్లా కాలేజీల నోటీసు బోర్డుల మీద మాత్రం దాని పేరు కనబడటం అరుదు.

తీరంలో ఎక్కువమందికి అందే తలుపు వేరే ఉంది. దాని పేరు అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ప్రభుత్వ రంగ బ్యాంకులు డిగ్రీ పాసైనవాళ్లను ఏడాదిపాటు శాఖల్లో పెట్టుకుని పని నేర్పిస్తాయి. స్టేట్ బ్యాంకు 2023లో 6,160 మందికి నోటిఫికేషన్ ఇచ్చింది. యూనియన్ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో 2,691 మందికి ఇచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 549. తమిళనాడుకు గానీ, ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయమున్న మహారాష్ట్రకు గానీ అన్ని రాలేదు. ఈ ఉదారత వెనుక ఒక పాత కథ ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో మచిలీపట్నంలో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో తెరిచిన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పేరు పోయింది గానీ శాఖలు ఎక్కడికీ పోలేదు. శాఖలు ఎక్కడ ఉంటే అప్రెంటిస్ సీట్లూ అక్కడే ఉంటాయి. వందేళ్ల కిందట బందరులో పడిన పునాది మీద ఈ రోజు కావలి కుర్రాడు దరఖాస్తు పెట్టుకుంటున్నాడు.

నెల్లూరుకూ ఇలాంటి సొంత బ్యాంకు ఒకటుండేది. పెన్నమ్మ పేరు పెట్టుకున్న పినాకిని గ్రామీణ బ్యాంకు. 2006లో అది రాయలసీమ, శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి అయింది, ప్రధాన కార్యాలయం కడపకు పోయింది. 2025 మే 1న ‘ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు’ విధానం కింద ప్రగతి కూడా పోయి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు వచ్చింది. బోర్డులు ఇన్నిసార్లు మారిన జిల్లాలో, ఈ విలీనాల చరిత్ర తెలియకుండా ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లల్ని చూస్తే నాకు కాస్త కోపమే వస్తుంది. జనరల్ నాలెడ్జి కోసం ఏదో దేశపు రాజధాని బట్టీ పడతారు, వీధి చివర శాఖకు పాత పేరేమిటంటే తెల్లమొహం వేస్తారు.

రెండు రూపాయల వడ్డీ

బ్యాంకు తయారీ అంటే మన దగ్గర మొదట గుర్తొచ్చేది కోచింగ్. నంద్యాలకు పెట్టె సర్దుకోవడం, లేదా హైదరాబాదులో గది తీసుకోవడం. దాన్ని తప్పుపట్టను. కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది ఇంట్లోనే ఉంది.

తీరం ఊళ్లలో అప్పు లెక్క నెలకు, నూటికి. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి 24 శాతం. ‘రూపాయి వడ్డీ’ అంటే 12 శాతం, దాన్నే ధర్మవడ్డీ అంటారు. బ్యాంకు భాష వేరు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద స్వల్పకాలిక రుణానికి ఏడాదికి 7 శాతం. గడువులోగా కడితే మరో 3 శాతం రాయితీ పోను 4 శాతం. దీన్ని ఊరి లెక్కలోకి మార్చండి. 7 శాతం అంటే నూటికి నెలకు 58 పైసలు. 4 శాతం అంటే 33 పైసలు. లక్ష రూపాయలు ఆరు నెలలు వాడుకుంటే రెండు రూపాయల లెక్కన 12,000 వడ్డీ. బ్యాంకులో 3,500, సకాలంలో కడితే 2,000.

ఇంత తేడా ఉంటే మా నాయన బ్యాంకుకు ఎందుకు పోలేదు? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన పిల్లకు బ్యాంకింగ్ సగం వచ్చినట్టే. ఎందుకంటే ఆ జవాబు ఒక్క వాక్యంలో దొరకదు. చెరువు సొంతం కాదు, లీజు. లీజు నోటిమాట మీద నడుస్తుంది, కాగితం లేదు. కాగితం లేకపోతే బ్యాంకు ముందు పంట నిలవదు. ఇక మేత సంగతి. రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతే తింటుంది. ఆ మేతను డీలరు అరువు మీద ఇస్తాడు, కాగితాలడగడు, రాత్రి పదింటికి ఫోన్ చేసినా బస్తాలు పంపిస్తాడు. అరువు ధరకూ రొక్కం ధరకూ మధ్య తేడాలో వడ్డీ దాక్కుని ఉంటుంది. దాన్ని రైతు వడ్డీ అనుకోడు, రేటు అనుకుంటాడు. ఈ తేడాను శాతంలోకి మార్చి చూపించగలిగిన డిగ్రీ విద్యార్థి, ఏ కార్పొరేట్ కాలేజీ కుర్రాడితోనైనా సమానంగా కూర్చోగలడు.

చేపలు, రొయ్యల రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చింది చాలా ఆలస్యంగా. పథకం 1998లోనే మొదలైనా, 2018-19 కేంద్ర బడ్జెట్టులో గానీ దాన్ని మత్స్య రంగానికి విస్తరించలేదు. బ్యాంకులు ఎందుకు జంకాయో తీరానికి బాగా తెలుసు. 1990ల నడుమ తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. వనామీ వచ్చాక మళ్లీ చెరువులు నిండాయి, దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ తర్వాత 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం ముత్తుకూరు చెరువు దగ్గర కౌంటు ధర మీద పడుతుంది, అక్కడి నుంచి శాఖ మేనేజరు బల్ల మీదికి వస్తుంది. రుణ వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. దానికి ముందు 30, 60, 90 రోజుల మెట్ల మీద దాన్ని ‘ప్రత్యేక ప్రస్తావన’ ఖాతాగా గుర్తిస్తారు. స్వల్పకాలిక పంట రుణాలకైతే రోజులు కాదు, పంట కాలాలు లెక్క. ఈ నిబంధనలు పుస్తకంలో చదివితే రెండు రోజుల్లో మరచిపోతారు. పక్కింటి చెరువుకు అన్వయించి చదివితే మరచిపోవడం కష్టం.

బంగారం సంగతి చెప్పక్కర్లేదు. పట్టుబడి చెడితే ముందు బయటికొచ్చేది అమ్మ నగలే. లక్ష రూపాయల విలువైన బంగారం మీద 75 వేలకు మించి ఇవ్వకూడదన్నది చాలాకాలంగా నడిచిన పరిమితి. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు దీన్ని సడలించింది. రెండున్నర లక్షల లోపు రుణాలకు 85 శాతం, అయిదు లక్షల దాకా 80 శాతం, ఆపైన 75. అమల్లోకి రావడానికి గడువు 2026 ఏప్రిల్ 1. చిన్న రుణానికే ఎక్కువ వెసులుబాటు ఎందుకిచ్చారో ఆలోచించి వెళ్లిన అభ్యర్థి ఇంటర్వ్యూలో తడబడడు.

ఇక పొదుపు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన తర్వాత, ఇంట్లో మిగిలిన రూపాయిని రోజుకొకటి చొప్పున దాచే పొదుపులక్ష్మి మొదలైంది ఈ జిల్లాలోనే. నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులకు జతచేసే ప్రయోగం మొదలుపెట్టిందీ ఆ రోజుల్లోనే, 1992లో. సంఘం లీడరుగా పదేళ్లు తీర్మానాల పుస్తకం రాసిన తల్లి, హామీ లేని రుణం ఎలా వసూలవుతుందో ఏ ప్రొఫెసరుకూ తీసిపోకుండా చెబుతుంది. ఆమె పక్కన కూర్చుని ఒక నెల పుస్తకం చదవమని ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు.

కాపీ కొట్టిన సర్వే

ఊరి లెక్కను ఇలా నేర్చుకోవడానికి కాలేజీలోనే ఒక అవకాశం ఉంది. 2020-21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత ఊళ్లో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టరంతా పని. కాగితం మీద ఇది గొప్ప ఆలోచన. అమలు చూస్తే, ఊరి సర్వే ఫారాలు హాస్టల్ గదిలో నింపేయడం, జిరాక్స్ షాపులో పాత రిపోర్టు కొని పేరు మార్చడం చాలాచోట్ల బహిరంగ రహస్యం.

పోగొట్టుకుంటున్నదేమిటో చూడండి. మైపాడులోనో, తుమ్మలపెంటలోనో, కోడూరులోనో యాభై ఇళ్లు తిరిగి, ఎవరు ఎక్కడ అప్పు చేశారు, ఎంత వడ్డీకి, ఏ పనికి, బ్యాంకు ఎందుకు ఇవ్వలేదు అని రాసుకొచ్చిన విద్యార్థి దగ్గర ఒక పట్టిక ఉంటుంది. అది ఇంకెవరి దగ్గరా ఉండదు. నాబార్డు ప్రతి జిల్లాకూ ఏటా రుణ సామర్థ్య ప్రణాళిక తయారుచేస్తుంది. నెల్లూరుదీ దొరుకుతుంది. మత్స్య రంగానికి ఎంత రుణం అవసరమో అందులో అంచనా ఉంటుంది. తన యాభై ఇళ్ల పట్టికను ఆ పుస్తకం పక్కన పెట్టి రెండు పేజీలు రాస్తే, తర్వాత పీజీలో రిజర్వు బ్యాంకు ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో జతచేయడానికి అంతకు మించిన కాగితం ఉండదు. ‘నాకు బ్యాంకింగ్ అంటే చిన్నప్పటి నుంచి ఆసక్తి’ అని ఇంటర్నెట్టులో దించుకున్న వాక్యం రాస్తే, అది చదివే అధికారి అలాంటివి ఆ పూటకే వంద చదివి ఉంటాడు.

ఇంటర్వ్యూ ఇలా నడిచిందనుకోండి:

‘‘మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?’’

‘‘నాలుగెకరాల చెరువు లీజుకు చేస్తారండి. వనామీ.’’

‘‘మీ దగ్గరికి రుణానికి వస్తే ఇస్తారా?’’

‘‘లీజు రాతపూర్వకంగా ఉంటే ఇస్తానండి. లేకపోతే ముందు దాన్ని రాయించుకు రమ్మంటాను. పోయిన మూడు పంటల పట్టుబడి బిల్లులు అడుగుతాను. మేత డీలరుకు ఎంత బాకీ ఉందో కనుక్కుంటాను.’’

‘‘డీలరు బాకీ ఎందుకు?’’

‘‘పట్టుబడి డబ్బు ముందు ఆయనకే పోతుందండి. మాకు మిగిలేది ఆ తర్వాతే.’’

‘మాకు’ అన్నప్పుడు ఆ అమ్మాయి బల్లకు ఇవతలి వైపు నుంచి మాట్లాడిందా, అవతలి వైపు నుంచా అన్నది పక్కన పెడదాం. ఆమె చెప్పింది ఏ గైడులోనూ లేదు.

ముప్పై ఆరు సెకన్లు

ఇదంతా విని కోచింగ్ అక్కర్లేదనుకుంటే పొరపాటు. ఇంటర్వ్యూ దాకా వెళ్లాలంటే జల్లెడ దాటాలి. అప్రెంటిస్ ఎంపికలో చాలా బ్యాంకులకు ఇంటర్వ్యూయే ఉండదు, పరీక్షే. స్టేట్ బ్యాంకు, యూనియన్ బ్యాంకు పరీక్షల్లో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు. ఇంగ్లిష్, అంకగణితం, రీజనింగ్, కంప్యూటర్, ఆర్థిక అంశాలు. వడ్డీ లెక్క నోటితో కట్టగలిగిన పిల్ల కూడా తెర మీద ఇంగ్లిష్‌లో అదే లెక్క కనబడితే ఆగిపోతుంది. క్లర్కు పరీక్షలు తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో పెట్టాలని కేంద్రం 2021లో చెప్పింది గానీ, ఇంగ్లిష్ విభాగాన్ని ఎవరూ తప్పించరు. రోజుకు ఒక ఇంగ్లిష్ పత్రిక వ్యాపార పేజీ, గడియారం పెట్టుకుని ఒక మాక్ టెస్టు. ఇది నీరసమైన పనే. దీనికి దగ్గరిదారి ఉందని చెప్పేవాళ్లు అమ్మేది పుస్తకమే.

పరీక్ష లేని దారి ఒకటుంది, అది నాకు అంతగా నచ్చదు. కెనరా బ్యాంకు 2024లో 3,000 మంది అప్రెంటిస్‌లను ఇంటర్ లేదా డిప్లొమా మార్కుల వరసలో తీసుకుంది. పదిహేడేళ్ల వయసులో ఒక ఏడాది తప్పటడుగు వేసినవాడు డిగ్రీలో ఎంత కష్టపడ్డా అక్కడ వెనకే ఉంటాడు. కార్పొరేట్ జూనియర్ కాలేజీలు 980 పైన మార్కులు పండించే రాష్ట్రంలో, అల్లూరు ప్రభుత్వ జూనియర్ కాలేజీ కుర్రాడికి ఆ వరసలో చోటెక్కడ?

ఫారం నింపడంలోనే ఓడిపోయేవాళ్లూ ఉన్నారు. ఇంటిపేరు ముందా, వెనకా అన్న చిక్కు తెలుగువాళ్లందరికీ ఉన్నదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, పాన్‌లో వెనకాల. అప్రెంటిస్ దరఖాస్తుకు ముందు కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో నమోదు కావాలి, అక్కడ పేరు ఒకలా, బ్యాంకు దరఖాస్తులో ఒకలా ఉంటే తర్వాత ఎవరి చుట్టూ తిరగాలో తెలియదు. మెమోలో ఉన్నట్టు ఆధార్‌ను సరిచేయించుకోవడం నోటిఫికేషన్ రాకముందే చేయాల్సిన పని. స్థానిక భాష పరీక్ష విషయంలో మనవాళ్లకు కలిసొచ్చేదొకటుంది. పదిలోనో, ఇంటర్‌లోనో తెలుగు చదివినట్టు మార్కుల జాబితా చూపిస్తే స్టేట్ బ్యాంకు ఆ పరీక్ష మినహాయిస్తుంది. మార్కుల కోసం ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్లు పదో తరగతి మెమో భద్రంగా దాచుకోవాలి.

పన్నెండు వేలతో బతకడం

ఇక డబ్బు. బ్యాంక్ ఆఫ్ బరోడా 2025లో 4,000 మందిని తీసుకున్నప్పుడు నగర శాఖల్లో నెలకు 15,000, గ్రామీణ, చిన్న పట్టణ శాఖల్లో 12,000 అంది. సొంతూరి పక్కనే శాఖ వస్తే ఇది చెల్లుతుంది. విజయవాడలో హాస్టల్‌లో ఉండాల్సి వస్తే చేతిలో మిగిలేది స్వల్పం. ఆడపిల్లల విషయంలో చివరి బస్సు ఎన్నింటికన్నది కూడా ఈ లెక్కలోకి వస్తుంది. తీరం ఊళ్లకు చీకటిపడ్డాక బస్సులు ఎన్ని నడుస్తాయో అందరికీ తెలుసు. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఇదే గోడకు తగిలింది. బ్యాంకింగ్ సహా పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకు 5,000 రూపాయలు, మొదట ఒకసారి 6,000. తొలి విడతలో 82 వేల ఆఫర్లు వెళితే చేరింది 9 వేలకు లోపే. ఊరు వదిలి అయిదు వేలతో ఎవరు బతుకుతారు?

పైగా అప్రెంటిస్‌షిప్ ఉద్యోగం కాదు. ఏడాది తర్వాత తీసుకుంటామన్న హామీ ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు, ఉందని చెప్పి డబ్బడిగేవాడు మోసగాడే. అయినా ఆ ఏడాదిని నేను తక్కువ చేయను. కేవైసీ కాగితాల్లో ఏది తప్పో, పొదుపు సంఘం రుణం రెన్యూవల్ ఎందుకు ఆగిందో, బంగారాన్ని అప్రైజరు గీటు రాయి మీద ఎలా చూస్తాడో కౌంటరు ఇవతలి నుంచి కనబడదు. ఉదయం పది నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాక, రాత్రి రెండు గంటలు ఐబీపీఎస్ పుస్తకం తెరవగలిగితే చాలు, రెండు పడవలూ నడుస్తాయి.

మధ్యలో ఇంకెక్కడైనా ఉద్యోగం వస్తే వదిలేసి పోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. రాకపోతే మాత్రం చివరి నెలల్లో విసిగి మానేయకూడదు. స్టేట్ బ్యాంకు క్లర్కు నోటిఫికేషన్లలో, తమ దగ్గర అప్రెంటిస్‌షిప్ విజయవంతంగా పూర్తిచేసినవాళ్లకు మెయిన్స్ మొత్తం మార్కుల్లో 2.5 శాతం, అంటే 200కు 5 మార్కులు, అదనంగా కలిపే నిబంధన పెట్టారు. కటాఫ్ పావు మార్కు తేడాలో ఆగిపోయే పరీక్షలో అయిదు మార్కులు. అవి కలవాలంటే ఏడాది పూర్తయినట్టు సర్టిఫికెట్ ఉండాలి, దాని మీద పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి.